కొంగు మీద పొట్టేలు

ధర్మవరంలో పట్టుచీర మీద నెమలి వేయమంటే వేయనివాడు లేడు. చీరల డిజైన్లు గీసే శశికుమార్ కూడా అంతే. అతని కంప్యూటర్‌లోంచి ఊరేగిన నెమళ్ళన్నీ ఒక్కసారి పురి విప్పితే రైల్వే గేటు దాకా దారి దొరకదు. ఏదో ఒక పాత చీర ఫోటో చూసి, బొమ్మను తెర మీద గళ్ళు గళ్ళుగా దించి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, మగ్గం నెత్తిన ఉన్న జకార్డు పెట్టెకు తగిలిస్తాడు. ఆ పెట్టె ఏ పోగు ఎత్తమంటే మగ్గం ఆ పోగు ఎత్తుతుంది. భార్య హేమావతి నేస్తుంది. ఇంత చేసినా తన సొంత బుర్రలోంచి ఒక్క బొమ్మైనా పుట్టలేదన్న దిగులు మాత్రం అతనికి అన్నంలో రాయిలా తగులుతూనే ఉండేది.

ఆ దిగులు తీర్చడానికే అన్నట్టు బెళుగుప్ప దగ్గరి ఒక పల్లె నుంచి అరుణజ్యోతి అనే పెళ్ళికూతురు వచ్చింది. వెంట నాయన నరసింహులు. గొర్రెలు మేపుకునే మనిషి. భుజాన కంబళి, నోట్లో వేపపుల్ల.

శశికుమార్ అలవాటుగా నెమళ్ళ ఆల్బం ముందుకు తోశాడు. అమ్మాయి దాన్ని వెనక్కు తోసింది.

"నెమళ్ళు వద్దన్నా. నెమళ్ళను నేనెప్పుడన్నా మేపినానా? మా బుడ్డోణ్ణి వెయ్యి" అని ఫోన్ చూపించింది.

ఫోన్‌లో ఒక పొట్టేలు. పేరుకే బుడ్డోడు. దూడంత ఉన్నాడు. కొమ్ములు రెండు చుట్లు తిరిగి మూడో చుట్టుకు సిద్ధంగా ఉన్నాయి. ఫోటో తీస్తున్నవాళ్ళు తనకేదో బాకీ ఉన్నట్టు చూస్తున్నాడు. వానల్లేని ఒక ఏడు తల్లి గొర్రె చచ్చిపోతే అరుణజ్యోతి సీసాతో పాలు పట్టి సాకిందట. అంతవరకు బాగానే ఉంది. కానీ నరసింహులు ఆ పొట్టేలును బిడ్డ పెళ్ళి విందుకని ఎప్పుడో నిశ్చయం చేసి, బంధువులందరికీ నోరూరేలా చెప్పి పెట్టుకున్నాడు. పిల్ల అన్నం మానేసింది. తండ్రి దారికి రాలేదు. చివరికి ఒక రాజీ కుదిరింది.

"పెళ్ళిచీర కొంగు మీద బుడ్డోడు ఎక్కితే ఇస్తరాకులోకి ఎక్కడు. కొంగు మీద ఎక్కల్యా అంటే ఇంగ నా ఇష్టం. అట్ల మాటనుకున్యాం" అన్నాడు నరసింహులు. అతను ఆ మాట అంత ధీమాగా చెప్పడానికి కారణం ఉంది. అప్పటికే రెండు దుకాణాలవాళ్ళు పట్టుచీర మీద పొట్టేలా అని పడీపడీ నవ్వి పంపించారు.

శశికుమార్ నవ్వలేదు. నిజం చెప్పాలంటే పొట్టేలు మీద జాలితో కాదు, ఈ బొమ్మ ఇంతవరకు ధర్మవరంలో ఎవడూ వేయలేదు కదా అన్న ఆశతో ఒప్పుకున్నాడు. జాలి తర్వాత పుట్టింది. కొమ్ము చుట్టు తిప్పి, ఉన్ని ఉంగరం ఉంగరంగా గీసి, ఆ కన్ను పెట్టేటప్పటికి బుడ్డోడు అతనికి బాగా దగ్గరి చుట్టమైపోయాడు. "వీణ్ణెట్ల తింటారే" అని హేమావతితో అన్నాడు కూడా. హేమావతికి మాంసం ఇష్టం.

డిజైన్ పూర్తయింది. హేమావతి మగ్గం మీద పడుగు ఎక్కించి సిద్ధంగా కూర్చుంది. కొంగు మొదలుపెట్టే రోజు నరసింహులు స్వయంగా వచ్చి బొమ్మ చూసిపోతానన్నాడు. సరిగ్గా దానికి ముందు రోజు కరెంటు పోయి, పోయినదానికంటే రెట్టింపు కోపంగా తిరిగొచ్చింది. కంప్యూటర్‌లో టప్పుమంది. కాలిన వాసన వచ్చింది. మదర్‌బోర్డు పోయింది.

డిజైన్ ఉన్న హార్డ్‌డిస్క్‌కు ఏమీ కాలేదు. దాన్ని ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే సరిపోయేది. కాకపోతే ఆ డిజైన్ తెరిచే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ ఆ చుట్టుపక్కల ఇంకొక్కటే ఉంది. అది ఎదురువీధి ఓబిలేష్‌ది. ఓబిలేష్ కూడా డిజైన్లు గీస్తాడు. గీయడమంటే, ఇతరులు గీసినవి చూస్తాడు. వాడి చేతికి ఈ డిస్క్ చిక్కిందంటే తెల్లారేసరికి ధర్మవరమంతా పొట్టేళ్ళే. జీవితంలో మొదటిసారి పుట్టిన బొమ్మను వాడి పాలు చేయడం కంటే కంప్యూటర్‌ను తానే బాగుచేసుకోవడం మేలని శశికుమార్ పంతం పట్టాడు. బస్సెక్కి అనంతపురం పోయి, కంప్యూటర్లు రిపేరు చేసే యేసన్న దగ్గర వాడిన బోర్డు ఒకటి తెచ్చాడు.

"పెట్టె ఈడికి తేప్పా, నేనే బిగిస్తా" అన్నాడు యేసన్న.

"పెట్టె గడప దాటదన్నా. నువ్వు ఫోన్లో చెప్పు, నేను బిగిస్తా."

"సరే, నీ ఖర్మ" అన్నాడు యేసన్న. ఆ మాట ఎంత నిజమో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

మరునాడు పొద్దున్నే శశికుమార్ పని మొదలుపెట్టాడు. పాత బోర్డు తీసి, కొత్తది క్యాబినెట్‌లో పెట్టి, మరలు బిగించి, వైర్లన్నీ యేసన్న చెప్పినట్టే గుచ్చాడు. చేతులు కడుక్కుని ఇడ్లీ తిని వచ్చాడు. అతను ఇడ్లీ తింటుండగా తల్లి భద్రమ్మ పసుపు కుంకుమల పళ్ళెంతో లోపలికి వెళ్ళి వచ్చింది. ఆ ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా భద్రమ్మ పూజ తప్పదు కాబట్టి అతను పట్టించుకోలేదు. క్యాబినెట్ తలుపు మూసి, దేవుడికి దండం పెట్టి, మీట నొక్కాడు.

లోపలి ఫ్యాను ఒక్క అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఈసారి అర చుట్టు కూడా తిరగలేదు.

ఫోన్ స్పీకర్‌లో యేసన్న గొంతు చాలా నిబ్బరంగా వినిపించింది. "ర్యామ్ పీకి మళ్ళా గుచ్చు."

గుచ్చాడు. ఏమీ లేదు.

"ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నుల వైరు ఉండాది సూడు. అది పెట్టినావా?"

"పెట్టినా."

"గట్టిగా పెట్టినావా?"

"మా మామగారి మీద కోపమంతా పెట్టి నొక్కినా అన్నా."

"అట్లయితే బోర్డు యాడో ఇనుముకు తగులుతాండాది. బయటికి తీసి అట్టపెట్టె మీద పర్చి చూడప్పా."

శశికుమార్ విసురుగా మరలు విప్పి బోర్డును లాగాడు. లాగినప్పుడు చొక్కా చేతికి ఒక జరీ ముక్క అంటుకుని వచ్చింది. దులిపేశాడు. నేతగాళ్ళ ఇంట్లో జరీ ముక్క కనబడడం వింత కాదు. పప్పులో ఉంటుంది, దిండు మీద ఉంటుంది, పిల్లి తోకకు ఉంటుంది. దాన్ని చూసి ఆలోచించేవాడైతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

చీరలు పంపే అట్టపెట్టె బోర్లించి దాని మీద బోర్డు పరిచాడు. మీట వైరు తీసి తగిలించి నొక్కాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. తెర వెలిగింది. వెలిగిన తెర మీద నల్లటి నేపథ్యంలో తెల్లటి అక్షరాలు, బూట్ కావడానికి డిస్క్ ఏదీ దొరకలేదని.

"అన్నా! డిస్కే ల్యాదంటాది!" అని అరిచాడు శశికుమార్. బుడ్డోడు ఇస్తరాకులో కాలు పెట్టినట్టే అనిపించింది.

"అరవొద్దు. నీ డిస్కు పాత పద్ధతిది. బోర్డు కొత్త పద్ధతిలో ఎతుకుతాండాది. సెట్టింగుల్లోకి పో. బూట్ అని ఉంటాది. దాంట్లో లెగసీకి మార్చు, సేవ్ చెయ్యి."

మార్చాడు. ఒక్క క్షణం తెర చీకటైంది. తర్వాత విండోస్ వచ్చింది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాని వెనకే తెర నిండా బుడ్డోడు వచ్చాడు, అదే బాకీ చూపుతో. శశికుమార్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక పొట్టేలును చూసి ఏడుస్తున్నానని సిగ్గుపడ్డాడు గానీ ఏడుపు ఆపుకోలేదు.

"ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకో" అన్నాడు యేసన్న.

తీసుకునేవాడే. పెన్‌డ్రైవ్ మగ్గం దగ్గర జకార్డు పెట్టెలో ఉంది. దానికోసం లేవబోతుంటే భద్రమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఒరే శశీ, రాహుకాలం వస్తాండాది. ఆ పేగులన్నీ లోపల పెట్టి మూత ఎయ్యి. ఆ గొర్రెలాయన వచ్చి ఇట్ల అట్టముక్క మీద సూసినాడంటే మనల్ని ఏమనుకుంటాడురా?"

ఆ మాట శశికుమార్ పరువు మీద తగిలింది. నిజమే, పెద్ద డిజైనర్ అని చెప్పుకుంటూ అట్టపెట్టె మీద కంప్యూటర్ నడపడమేమిటి? కాపీ ఎక్కడికి పోతుంది, మూత వేశాక తీరిగ్గా తీసుకుందామనుకున్నాడు. ఆపేసి, మళ్ళీ అన్నీ క్యాబినెట్‌లో బిగించాడు. అంతలో వీధిలో కంబళి కనిపించింది. నరసింహులుకు ఎదురువెళ్ళి, మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించి, మర్యాదలన్నీ చేశాడు. ఆ మర్యాదల సందున భద్రమ్మ పళ్ళెంతో ఇంకోసారి లోపలికి వెళ్ళి వచ్చింది. ఇదీ అతను చూశాడు. చూసి, అమ్మకు భక్తి ఎక్కువవుతోంది అనుకున్నాడు.

నరసింహులు మజ్జిగ తాగుతూ మగ్గం దగ్గర జరీ చుట్టిన కండెను వేలితో గీకి చూశాడు.

"ఇది అసలుదేనా అప్పా? మా ఊర్లో అంటారు, ధర్మవరంలో ప్లాస్టిక్ జరీ పెట్టి దుడ్లు గుంజుతారని."

భద్రమ్మ ముఖం ఎర్రబడింది. "మా ఇంట్ల ప్లాస్టిక్కా! మా అత్త కాలం నుండి ఈ ఇంట్ల ఎండి జరీ తప్ప ఇంగొగటి గడప తొక్కల్యా. ప్లాస్టిక్ బకెట్ తెచ్చినందుకే నేను ఈళ్ళ నాయనతో పోట్లాడినా."

"ఏమోమ్మా. అందరూ అట్లనే అంటారు" అన్నాడు నరసింహులు, మెత్తగా.

మాట పెరగకముందే శశికుమార్ అతన్ని లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. "ఇప్పుడు సూడన్నా మీ బుడ్డోణ్ణి" అని ఠీవిగా మీట నొక్కాడు.

ఫ్యాను ఒక అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

శశికుమార్ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. క్యాబినెట్ నెత్తిన ఒకటి వేశాడు. ప్లగ్గు మార్చాడు. పెట్టెను తూర్పు ముఖం తిప్పాడు. యేసన్నకు మళ్ళీ ఫోన్ కలిపి స్పీకర్‌లో పెడితే, ఈసారి బోర్డే పోయి ఉంటుందన్నాడు. హేమావతి వచ్చి చూసి, "బయట ఉంటే నడుస్తాది, ఇంట్లోకి వస్తే ఆగిపోతాది. అచ్చం నీ మాదిరే" అని మగ్గం దగ్గరికి వెళ్ళిపోయింది.

నరసింహులు కాసేపు నల్లటి తెర వైపు చూశాడు. ఆ తెరలో అతనికి విందు కనబడిందో ఏమో, గొంతు సవరించుకున్నాడు.

"పోనీలేప్పా. నువ్వు శానా కష్టపడినావు. మిషన్ కాబట్టి మనమేం చేస్తాం? గమ్ముగా నెమళ్ళే వెయ్యి. మా పాపకు నేను చెప్పుకుంటా."

"అన్నా, రవ్వంత సేపు..."

"పెళ్ళి దగ్గరపడింది కదప్పా. మగ్గం ఈ పొద్దు మొదలుపెట్టకపోతే చీర అందదు. మాట మాటే. కొంగు మీద ఎక్కల్యా."

అతను అన్నదాంట్లో అన్యాయం లేదు. కొంగు ఆ పూటే మొదలుకావాలి. శశికుమార్‌కు ఆ చీకటి తెరలోనే అరుణజ్యోతి పంపిన ఫోటో మెదిలింది. సీసా పాలు తాగిన మూతి. పంతం ఒక పక్క, పొట్టేలు ఒక పక్క. ఓబిలేష్ ముఖం గుర్తొచ్చింది. అయినా స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

"డిస్కు ఊడదీస్తా. ఓబిలేష్ దగ్గరికి పోదాం. వాడు దొంగిలిస్తే దొంగిలించనీ, ఊరంతా వేసుకోనీ. బుడ్డోడు మాత్రం కొంగు మీద ఎక్కాల" అన్నాడు. అనేశాక తనే ఆశ్చర్యపోయాడు.

నరసింహులు కూడా ఆశ్చర్యపోయినట్టున్నాడు. ఎవరో ఊరుగాని ఊరి మనిషి తన పొట్టేలు కోసం శత్రువు గడప తొక్కుతానంటున్నాడు మరి.

శశికుమార్ క్యాబినెట్ తలుపు తీశాడు. కిటికీలోంచి ఎండ నేరుగా లోపల పడింది. లోపల బంగారు రంగులో ఏదో మెరిసింది. క్యాబినెట్ ఇనుప అంచు నుంచి బోర్డు మీద నిలబడి ఉన్న పిన్నుల దాకా, పసుపు పూసిన జరీ పోగులు రెండు పేనిన తోరణం. మధ్యలో కుంకుమ బొట్టు.

"మా..." అన్నాడు శశికుమార్. "మా, ఇదేంది?"

భద్రమ్మ ఏమాత్రం తడుముకోలేదు. "కొత్తది ఎక్కించినావు కదా, తొలి పోగు కట్టినా. మగ్గానికి పన్నె మార్చినా కడతాం, నాడె మార్చినా కడతాం. పొద్దున ఒక పోగు కట్టినా. నువ్వు పీకి బయట పడేసినావు. అందుకే ఈసారి రెండు పోగులు పేని గట్టిగా కట్టినా. అయినా యాలో నడవల్యా."

శశికుమార్ ఇల్లంతా ఒకసారి కలియజూశాడు. మిక్సీ మెడకు జరీ. ఫ్రిజ్ తలుపుకు జరీ. స్కూటర్ హ్యాండిల్‌కు జరీ. ప్రెజర్ కుక్కర్ విజిల్‌కు కూడా జరీ. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే. కనబడలేదు, అంతే.

ఫోన్ స్పీకర్‌లో అంతా విన్న యేసన్న మొదట నవ్వాడు. నవ్వీనవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. "అప్పా, జరీ అంటే లోహం. ఇనప్పెట్టెకూ బోర్డుకూ నడుమ మీ యమ్మ కరెంటుకు దోవ ఏసింది. కరెంటు పక్కదోవ పడితే పవర్ సప్లయి తనంతట తానే ఆగిపోతాది. తీసెయ్ దాన్ని."

నరసింహులు కుర్చీలోంచి ముందుకు వంగాడు. "ఒక మాట. అది ప్లాస్టిక్ జరీ అయింటే?"

"ప్లాస్టిక్‌లో కరెంటు యాడ పారుతాదన్నా? దండ మాదిరి ఏలాడేది. కంప్యూటర్ చక్కగా నడిచేది" అన్నాడు యేసన్న.

భద్రమ్మ నడుము నిటారు చేసింది. కొడుకు కంప్యూటర్‌ను రెండుసార్లు చంపిన మనిషిలా లేదు, కోర్టులో గెలిచిన మనిషిలా ఉంది.

"ఇన్యావా అప్పా?" అంది నరసింహులుతో.

"ఇన్యానమ్మా" అన్నాడు నరసింహులు, తల వంచుకుని. తర్వాత "నా బిడ్డ చీరకు ఈ కంప్యూటర్‌ను సంపిన కండెలోదే వెయ్యాల. ఇంగో కండె ముట్టుకోవద్దు" అన్నాడు.

శశికుమార్ తోరణం విప్పి తల్లి చేతిలో పెట్టాడు. మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది, తిరుగుతూనే ఉంది. తెర మీదికి బుడ్డోడు వచ్చాడు.

నరసింహులు చేయి దానంతటదే పంచె మడతలోకి పోయి నాలుగు శనక్కాయలు తీసి తెర ముందు చాపింది. అందరూ చూస్తున్నారని తెలిసి, వాటిని తానే ఒలుచుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఎడమ కొమ్ము రవ్వంత లోపలికి తిరిగింటాదప్పా వాడిది" అన్నాడు నములుతూ. "నువ్వు రెండూ సమానం చేసినావు."

"ఫోటోలో అట్లనే ఉన్యాది. బాగుండదని దిద్దినా."

"దిద్దొద్దు. వాడు ఎట్లుంటే అట్లే వెయ్యి. మా ఊరి రైతు పొలంలో చిన్నప్పుడు ఆ కొమ్ము కంచెకు తగులుకున్యాది. నేనే ఇడిపించినా." అని, శనక్కాయ తొక్కలు గుప్పిట్లో నలిపాడు. "వాడు బతికుండనీలేప్పా. ఏదో ఒకటి చేసుకుందాం విందుకు."

శశికుమార్ ఎడమ కొమ్ము లోపలికి తిప్పాడు. ఈసారి ఏ రాహుకాలానికీ జడవకుండా పెన్‌డ్రైవ్ తెచ్చి మొదట కాపీ తీశాడు. హేమావతి నాడె అందుకుంది.

పెళ్ళికి శశికుమార్ ఇంటిల్లిపాదీ బెళుగుప్ప దగ్గరి ఆ పల్లెకు పోయారు. అరుణజ్యోతి కొంగు భుజం మీదుగా ముందుకు వేసుకుంది, బుడ్డోడు అందరికీ కనబడాలని. పెళ్ళికొడుకు కూడా మొగుడిగా తన స్థానం ఎన్నోదో అప్పుడే అర్థం చేసుకున్నట్టున్నాడు. విందులో అన్నం, పప్పు, వంకాయ కూర, బెల్లం పాయసం. చాలా రోజుల నుంచి కడుపులు ఖాళీ పెట్టుకుని వచ్చిన బంధువులు ఇస్తరాకుల ముందు కూర్చుని అటూ ఇటూ వెతుకుతున్నారు.

"ఏమి నరసింహులూ, పొట్టేలు పొట్టేలు అంటివే. యాడప్పా పొట్టేలు?" అని ఒక ముసలాయన నిలదీశాడు.

నరసింహులు పప్పు గరిటెతో బిడ్డ కొంగు చూపించాడు. "ఆడ ఉండాడు సూడు మామా. వాణ్ణి సూసుకుంటా వంకాయ తిను."

ముసలాయన కొంగు వైపు చూశాడు. బుడ్డోడు కూడా అతని వైపు చూశాడు, బాకీ చూపుతో. ముసలాయన తల దించుకుని వంకాయ కలుపుకున్నాడు. పక్కన కూర్చున్న హేమావతి కూడా నిట్టూర్చి కలుపుకుంది.

అసలు బుడ్డోణ్ణి పందిరి గుంజకు కట్టేశారు. వాడు వేలాడుతున్న మామిడి తోరణాన్ని తీరిగ్గా నములుతున్నాడు. భద్రమ్మ భోజనం ముగించి వాడి దగ్గరికి పోయింది. రవికెలోంచి పసుపు రాసిన జరీ పోగు తీసింది.

"మా!" అని శశికుమార్ పరుగెత్తబోయాడు, అలవాటు కొద్దీ. భద్రమ్మ వినిపించుకోలేదు. లోపలికి తిరిగిన ఆ ఎడమ కొమ్ముకు పోగు చుట్టి ముడి వేసింది. బుడ్డోడు ఒక్కసారి తల విదిలించి, మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు.